నేను మస్కట్ అవుతానండీ

మొన్న ఒక పెళ్ళికి మా సొంతూరి వైపే, రాజోలు వెళ్ళాను. బస్సు దిగిన చోట ఎదురుగా ఉన్న గోడకి కొత్తగా పసుపు రంగు కొట్టి, దాని మీద ఇంగ్లీషు మీడియం బడి ప్రకటన రాయించారు. ఒక్క పూతతో సరిపెట్టుకున్నారు కాబోలు, నవ్వుతున్న పిల్లల బొమ్మల మధ్యలోంచి పాత అక్షరాలు బయటికొచ్చేశాయి. "మొలలు, భగందరం. ఆపరేషన్ లేకుండా. గ్యారంటీ." పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు అది చదివి పడీపడీ నవ్వుతున్నారు. నవ్వాల్సిన సంగతే. నేను మాత్రం పెళ్ళి సంగతి మరిచిపోయి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ చేతిరాత నాకు తెలుసు. అవి తెలుగు అక్షరాలే. కానీ ప్రతి మాట మీదా ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఒక అడ్డగీత ఉంటుంది. దండెం మీద బట్టలు ఆరేసినట్టు అక్షరాలన్నీ ఆ గీతకి వేలాడుతుంటాయి. తెలుగుని అలా రాసేవాడు మా చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు.

వాడి పేరు రాయను. రాసినా మీరు సరిగ్గా పలకలేరు. ఐదేళ్ళు పక్కన కూర్చున్న నేనే పలకలేకపోయాను. వాళ్ళమ్మ నోరు గుండ్రంగా చుట్టి ఆ పేరు పిలుస్తుంటే అది వేరే ఎవరిదో అనిపించేది. హాజరు పట్టీ చూసి మాస్టార్లు ఆ పేరుని తలోరకంగా పాడుచేసేవారు. చివరికి వాడే విసిగిపోయి, "బెంగాలీ అనండి, చాలండి" అన్నాడు. అంతే, బెంగాలీ అయిపోయాడు.

వాళ్ళ నాన్న మొలల డాక్టరు. తెలుగు వచ్చాక ఆయన ప్రకటనలు గోడల మీద రాసింది వీడే. ఆ రోజుల్లో మా వైపు ప్రతి సెంటర్లోనూ ఒక బెంగాలీ మొలల డాక్టరు ఉండేవాడు. ఎందుకుండేవాడో, అంత దూరం నుంచి ఈ ఒక్క రోగం కోసమే ఎందుకొచ్చారో మేం ఎప్పుడూ ఆలోచించలేదు. మండపేటలో ఈయన మేనమామదీ అదే వైద్యం, అదే బోర్డు. ఈయన అక్కడ రెండేళ్ళు పని నేర్చుకుని, మా ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకుని, తర్వాత పెళ్ళాన్నీ కొడుకునీ తెచ్చుకున్నాడు. ఆ గదికి పట్టపగలు ఎవరూ వెళ్ళేవారు కాదు. వెళ్ళినవాళ్ళు తలకి తువ్వాలు చుట్టుకుని, పక్కనున్న సైకిల్ షాపుకి వచ్చినట్టు నటిస్తూ లోపలికి దూరేవారు.

కొడుకు ఎనిమిదో తరగతిలో మా క్లాసులో చేరాడు. మొదటి రోజే ఒక తమాషా జరిగింది. సైన్సు మాస్టారు పాఠం మధ్యలో ఆగి, "నిన్న చెప్పింది అర్థమయ్యిందాండీ?" అన్నారు. ఆయన పిల్లల్ని కూడా అండీ అనే మనిషి. మేమంతా ఒక్కసారి "ఆయ్" అన్నాం. మా వైపు అవునన్నా ఆయే, వింటున్నామన్నా ఆయే, మీరు చెప్పేది మీరు చెప్పండి అన్నా ఆయే. చివరి బెంచీలోంచి కొత్తబ్బాయి లేచి, నడిచొచ్చి, మాస్టారి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏం బాబూ, ఏం కావాలి?" అన్నారు మాస్టారు.

వాడికి అప్పటికి తెలుగు ముక్క రాదు. నవ్వుతూ నిలబడ్డాడు. వెనక్కి పంపారు. కాసేపటికి మేం మళ్ళీ ఆయ్ అన్నాం, వాడు మళ్ళీ వచ్చాడు. ఆ ఒక్క పీరియడ్‌లో నాలుగుసార్లు వచ్చాడు. తర్వాత్తర్వాత మాకదో ఆటయిపోయింది. ఇంటర్వెల్లో ఎవడో ఒకడు దూరంగా నిలబడి "ఆయ్" అనేవాడు. వీడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు. వచ్చి, ఎందుకు పిలిచారో తెలియక, మా మొహాలు చూస్తూ నిలబడేవాడు.

ఆర్నెల్లకి తెలుగు కొంచెం పట్టుబడ్డాక వాడే చెప్పాడు. వాళ్ళ భాషలో ఆయ్ అంటే 'రా' అని అర్థమట. వాళ్ళమ్మ అన్నానికి పిలిచేది కూడా అలాగేనట.

"ఈ ఊళ్ళో అందరూ నన్ను పిలుస్తున్నారు అనుకున్నాను. చాలా మంచి ఊరు అనుకున్నాను" అన్నాడు.

వాడు దాన్ని జోకుగానే చెప్పాడు. నేనూ జోకుగానే విని, బెంచీ అందరికీ మళ్ళీ చెప్పాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

వాడి తెలుగు చివరి దాకా ఒక చోట కుంటింది. వాళ్ళ భాషలో ఆడకీ మగకీ ఒకటే మాట కాబట్టి, మన భాషలో ఎవరికి ఏది తగిలించాలో వాడికి ఎప్పటికీ తేలలేదు. "మా అమ్మ వచ్చేడండి." "హెడ్మాస్టరుగారు పిలుస్తుందండి." దిద్దీ దిద్దీ మేమే అలిసిపోయాం. ఎంత తప్పు మాట్లాడినా చివర 'అండి' మాత్రం వదిలేవాడు కాదు. ఈ ఊరి గుట్టంతా ఆ 'అండి'లో ఉందని వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మేకని కూడా "పక్కకి జరగండి" అనేవాడు.

వాళ్ళమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం మా ఇంటి దగ్గర నోరు విప్పింది. వానాకాలం, చేపల బుట్ట వచ్చింది. బుట్టావిడ మా అమ్మతో, "పులస కాదండి, విలసేనండి, ఇంకా గోదాట్లోకి ఎక్కలేదు" అంటోంది. అటుగా పోతున్న వాళ్ళమ్మ ఆ మాట విని ఆగి, బుట్టలోకి తొంగిచూసి, "ఇలిశ్" అంది. బుట్టావిడ "విలస" అంది. ఆవిడ మళ్ళీ "ఇలిశ్" అని, మా అమ్మ మోచెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎక్కడ ఎదురుపడినా ఆ ఒక్క చేప పేరే చెప్పుకుని నవ్వుకునేవారు. మాట్లాడుకోవడానికి వాళ్ళకి అంతకంటే మాటలు లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా సైన్సు మాస్టారికి ఒక అలవాటుండేది. బడి తెరిచిన వారంలో ఒక్కొక్కణ్ణీ లేపి, "పెద్దయ్యాక ఏమవుతారండీ?" అని అడిగేవారు. మేం దేశాల పేర్లు చెప్పేవాళ్ళం. ఒకడు "కువైట్ అండి" అనేవాడు. ఇంకొకడు "దుబాయ్ అండి" అనేవాడు. నేను "మస్కట్ అండి" అనేవాణ్ణి. మా నాన్న మస్కట్‌లో ఉండేవారు. ఏమవుతారండీ అంటే ఊరు పేరు చెప్తారేమిటండీ అని మొదట్లో మాస్టారు కేకలేసేవారు, తర్వాత మానేశారు. అక్కడికెళ్ళి ఏ పని చేస్తామో మాకు తెలియదు. మా నాన్నలు ఏ పని చేస్తున్నారో కూడా చాలామందికి తెలియదు. సెంటు వాసనా, చేతి గడియారం, మూత తెరిస్తే పాటొచ్చే పెన్సిల్ పెట్టె, ఇవి ఎక్కణ్ణుంచి వస్తాయో అక్కడికి మేం వెళ్తాం, అంతే. ఆ వస్తువులున్నవాళ్ళం ముందు బెంచీ. లేనివాళ్ళు వెనక.

ఎనిమిదో తరగతిలో వాడి వంతు వచ్చింది. రాని తెలుగులో, అయినా గట్టిగా, "డాక్టర్ అండి" అన్నాడు.

మాస్టారి మొహం వెలిగింది. అంతలో నేను వెనక్కి తిరిగి, "ఆపరేషన్ లేకుండానాండీ?" అన్నాను.

క్లాసు క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. అంత నవ్వు నా జన్మలో మళ్ళీ నేను ఎవరినీ నవ్వించలేదు. వాడికి నేనన్నది అర్థం కాలేదు, పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు చేత్తో చూపించి మరీ చెప్పాడు. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత డాక్టరు మాట వాడి నోటెంట నేను వినలేదు.

విచిత్రం ఏమిటంటే వాడు నా మీద కోపం తెచ్చుకోలేదు. నా పక్కనే చేరాడు. నవ్వించేవాడి పక్కన ఉంటే నవ్వులపాలు కానని లెక్క వేసుకున్నాడేమో. మా ఇంటికి వచ్చేవాడు. మా నాన్న పంపిన సెంటు సీసాల్లో అయిపోయినదొకటి అడిగి తీసుకెళ్ళాడు. మర్నాటి నుంచి వాడి చొక్కా మీద తడి మచ్చలు కనబడేవి. సీసాలో నీళ్ళు పోసి కొట్టుకుని వస్తున్నాడని నాకు తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకున్నాను.

బడిలో ఒక్కటే మైక్రోస్కోపు ఉండేది, దానికి ఒక్కటే కన్ను. మేమంతా ఎడమకన్ను గట్టిగా మూసుకుని, మొహం మెలితిప్పి చూసేవాళ్ళం. నల్లటి చీకటి తప్ప ఏమీ కనబడేది కాదు. వాడు కూర్చుని ఒక మర తిప్పి, "చూడు" అనేవాడు. నా తల పట్టుకుని సరిగ్గా పెట్టేవాడు. "కన్ను ముయ్యకు. రెండూ తెరువు. రెండో కన్ను చూస్తుంది, కానీ చూడదు. అలవాటవుతుంది." ఉల్లిపొర ఇటుకల గోడలా కనబడ్డ రోజు నేను పీరియడంతా లేవలేదు. వాళ్ళ గదిలో గోడకి మనిషి లోపలి భాగాల పటం ఉండేది, పేర్లన్నీ వాళ్ళ లిపిలో ఉండేవి. గుండెలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి రక్తం పోతుందో దాని మీద వేలు పెట్టి చూపిస్తూ, "ఇది వచ్చేడు, ఇది వెళ్ళేడు" అని చెప్పేవాడు. మాస్టారి పాఠం బుర్రకెక్కని నాకు ఆ తప్పుల తెలుగులో అంతా ఎక్కేది.

నేనిప్పుడు అమలాపురంలో రక్తపరీక్షలు చేస్తాను. పాతికేళ్ళుగా మైక్రోస్కోపు నాకు అన్నం పెడుతోంది. నాలో ఈ పని మీద ఆశ పుట్టించింది మాస్టారూ కాదు, అమ్మానాన్నలూ కాదు. వాడు. వాడికి నేనేం పుట్టించానో కూడా చెప్పాలి.

పదో తరగతి మొదటి వారం మాస్టారు మళ్ళీ అడిగారు. వాడి వంతు వచ్చింది. లేచి, చొక్కా లాక్కుని, మా బెంచీ వైపు ఒకసారి చూసి, "నేను మస్కట్ అవుతానండీ" అన్నాడు.

చప్పట్లు కొట్టాం. అది కూడా నేనే మొదలుపెట్టాను. వాడు కూర్చోకుండా చప్పట్లయ్యేదాకా నిలబడే ఉన్నాడు. మాస్టారు చాక్‌పీస్ బల్ల మీద పెట్టి, "మీరు కూడానాండీ" అన్నారు, అంతే. ఆయన ఆ తర్వాత ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు.

మాకు మస్కట్ మాట వరస. వాడికి అలా కాదు. పట్టుకుంటే వదిలే రకం కాదు వాడు. అక్కడి ఎండలు, అక్కడి రొట్టెలు, ఏ నెలలో ఏ పని దొరుకుతుంది, అన్నీ నోట్‌బుక్కులో గీత కింద వేలాడే అక్షరాల్లో రాసుకున్నాడు. శుక్రవారాలు మా నాన్న ఫోన్ బూత్‌కి చేసేవారు. నేను రిసీవర్ పట్టుకుని "బాగున్నానండి, చదువుతున్నానండి" అన్నాక నాకింక మాటలు దొరికేవి కావు. రెండేళ్ళకో నెల కనబడే మనిషితో ఏం మాట్లాడతాం? వాడు నా చేతిలోంచి రిసీవర్ తీసుకుని, "మావయ్యగారూ, ఎండలు తగ్గిందాండీ? మీ మోకాలు నొప్పి ఎలా ఉన్నాడండీ?" అని మొదలుపెట్టేవాడు. మా నాన్నకి మోకాలు నొప్పి ఉందని నాకు వాడి వల్లే తెలిసింది. అవతల మా నాన్న నవ్వడం నాకు వినబడేది.

ఇంటర్లో ఇద్దరం బైపీసీలో చేరాం, పద్దెనిమిది నిండేదాకా పొద్దుపోవాలి కదా అని. మొదటి సంవత్సరం వాడికి కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. వాడు వాటిని చూసుకోలేదు. పద్దెనిమిది నిండగానే ఇద్దరం ఒకే రోజు పాస్‌పోర్టులకి పెట్టాం. మా నాన్న రెండు వీసాలు చూస్తానన్నారు, ఏదో గిడ్డంగిలో సామాన్లెక్కించే పని.

ఎంక్వైరీకి హెడ్డు కానిస్టేబుల్ వచ్చాడు. నా గురించి టీ తాగినంతసేపు కూడా అడగలేదు. వాడి దగ్గర ఆగిపోయాడు.

"బెంగాలంటే ఏ బెంగాలు? ఇటుదా, అటుదా? మీ ఊరు ఈ కుర్రాణ్ణి ఎరుగుదుమంటుందా?"

మా బెంచీ వాళ్ళం నలుగురం అక్కడే ఉన్నాం. సూరిబాబు అనేవాడు ముందుకొచ్చి, "మావాడేనండి. ఎనిమిదో క్లాసు నుంచీ మావాడేనండి" అన్నాడు. మేం "ఆయ్" అన్నాం. సంతకాలు పెట్టాం. కానిస్టేబుల్ వెళ్ళిపోయాక ఇంటికి నడుస్తుంటే వాడు దారి పొడుగునా నన్ను అడుగుతూనే ఉన్నాడు. "సూరిబాబు ఏమన్నాడు? సరిగ్గా వినలేదు, మళ్ళీ చెప్పు." నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. వాడు మొదటిసారే సరిగ్గా విన్నాడని నాకు తెలుసు.

మా బెంచీలో ఒక్కొక్కడూ జారుకోవడం అప్పుడే మొదలైంది. సూరిబాబు వాళ్ళ మేనమామ ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులు తవ్వించాడు, వీడు అక్కడ కుదురుకున్నాడు. ఇంకొకడికి అన్నతో పాటు కొబ్బరికాయల వ్యాపారం బాగుంది. నాకేమో ల్యాబు కోర్సులో చేరాలని ఉంది. ఆ మాట బయటికి చెప్పే దమ్ము లేదు. అమ్మ నా పని తేలిక చేసింది.

"ఆ దేశానికి ఒక్కణ్ణిచ్చేను. రెండోవాణ్ణివ్వను" అంది. "నువ్వు బెంగపడకు, మీ నాన్నకి నేను రాస్తాను."

నేను అమ్మని అడ్డం పెట్టుకున్నాను. వీసా ఒక్కటే వచ్చింది, వాడికి. నా పాస్‌పోర్టు అంతకుముందే వచ్చింది. పోస్టులో వచ్చిందని అమ్మ నాకు చూపించి, బీరువాలో చీరల కింద పెట్టేసింది. వాడికి మాత్రం నాది ఇంకా రాలేదని చెప్పాను. పాస్‌పోర్టు వచ్చాక నాకూ వీసా వస్తుంది, వెనకే వచ్చేస్తానన్నాను.

వీసా ఆగదు. రెండో సంవత్సరం పరీక్షలు ఇంకా నెలన్నర ఉన్నాయి. అప్పుడు డాక్టరుగారు మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు, అదే ఆఖరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిల్‌కి స్టాండ్ వేసి, అరుగు మీద అంచున కూర్చున్నాడు. పత్రికలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి, అచ్చు పత్రికలాగే మాట్లాడేవాడు.

"బాబూ, నువ్వు చెప్పిన వాడు వినును. పరీక్షలు వ్రాసి వెళ్ళుమని చెప్పుము. నేను ఒకసారి ఊరు వదిలితిని. మా ఇంటిలో అది నాతో చాలును."

నేను తలొంచుకుని "ఆయ్" అన్నాను.

"నీవు పరీక్షలు వ్రాయుచున్నావా?"

"ఆయ్."

"నీవు వ్రాయుచున్న, వాడు ఎందుకు వ్రాయకూడదు?"

జవాబు నా దగ్గర ఉంది. ఆగరా, పరీక్షలు రాయి అని వాడితో అంటే, నువ్వెప్పుడొస్తావు అని వాడడుగుతాడు. అడిగితే, నేను రానురా అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడం ఇష్టంలేక నేను ఏదీ చెప్పలేదు. డాక్టరుగారికి నమస్కారం పెట్టి పంపించాను. ఆయన నా భుజం తట్టి మరీ వెళ్ళాడు.

వెళ్ళే రోజు రాజమండ్రి బస్సు దగ్గరికి సాగనంపడానికి వాళ్ళ నాన్న రాలేదు, వాళ్ళమ్మా నేనూ వచ్చాం. కొత్త సూట్‌కేసు. నిజం సెంటు కొట్టుకున్నాడు, మా నాన్న పంపిందే. వాళ్ళమ్మ వాడి కాలరు సర్దుతూ ఏదో చెప్తుంటే, వాడు నా వైపు చూస్తున్నాడు. బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నీ పాస్‌పోర్టు ఇంకా రాలేదా?"

"రాలేదురా. ఎంక్వైరీ దగ్గరే ఆగినట్టుంది."

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం అయింది. అప్పుడన్నాడు. "వస్తుందిలే. కంగారు పడకు."

బస్సు కదిలింది.

రెండు ఉత్తరాలు వచ్చాయి, గీత కింద వేలాడే అక్షరాలతో. మొదటిదానికి, వచ్చే ఏడు వస్తానని రాశాను. రెండోదానికి రాయలేదు. మా నాన్న పని వదిలి వచ్చేశాక, ఆయన ద్వారా తెలిసే వాడి కబుర్లూ ఆగిపోయాయి. డాక్టరుగారి గదికి కొన్నాళ్ళు తాళం కనబడింది, తర్వాత అందులో సెల్‌ఫోన్ షాపు వచ్చింది. వాళ్ళు ఎటు వెళ్ళారో ఊళ్ళో ఒకరన్నది ఒకరనలేదు. నేను గట్టిగా కనుక్కోనూ లేదు. మా బెంచీలో మస్కట్ అన్నవాళ్ళలో మస్కట్ వెళ్ళింది వాడొక్కడే.

చాలా ఏళ్ళ తర్వాత, ల్యాబులో ఒక రోజు పొద్దున్న కొత్తపేట దగ్గర్నుంచి ఒకాయన రక్తం ఇవ్వడానికి వచ్చాడు. మస్కట్ నుంచి సెలవుకి వచ్చాడట, తిరిగి వెళ్ళేలోగా షుగరు చూపించుకుందామని. గల్ఫ్ వాళ్ళు మా దగ్గరికి రోజూ వస్తారు, సూది కనబడితే భయానికి కబుర్లు మొదలుపెడతారు. నేను చేతికి రబ్బరు కట్టి నరం వెతుకుతుంటే ఈయనా మొదలుపెట్టాడు.

"మా క్యాంపులో మన రాజోలాయన ఒకరున్నారండి. ఎవరు కొత్తగా వచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని, ఏ రేవులో పంటు ఇంకా జనాన్ని దాటిస్తోంది, ఏ కాలవకి వంతెన కట్టేరు, అన్నీ అడుగుతారండి. ఆయన మాత్రం సెలవుకి రారండి. అక్కడెవరున్నారండీ నాకు, అంటారు. మంచి సరదా మనిషండి. ఆడాళ్ళని కూడా వచ్చేడు, వెళ్ళేడు అంటారు. ఆయన వేళాకోళమదండి."

నేను గుచ్చిన సూది నరం తప్పింది. "కొంచెం కదలకండి" అన్నాను.

"చిన్నప్పటి ఫ్రెండొకాయన కథ అస్తమానం చెప్తారండి. ఇద్దరూ కలిసి పాస్‌పోర్టులు పెట్టేరంట. రెండూ ఒక రోజే వచ్చేయంట. పోస్టుమాన్ రెండూ ఈయన చేతికే ఇచ్చేసేరంటండి. ఫ్రెండుది ఇద్దామని పరిగెత్తుకుంటా వాళ్ళింటికెళ్తే ఆ అబ్బాయి లేడు, వాళ్ళమ్మగారున్నారంట. ఆవిడ అది తీసుకుని, 'బాబూ, నువ్వడిగితే మావాడు వచ్చేస్తాడు. నువ్వడక్కు బాబూ' అన్నారంటండి. సరేనండి అని మాటిచ్చేసేరంట."

రెండోసారి గుచ్చాను. ఈసారి రక్తం వచ్చింది.

"మరి ఆయన... అడగనే లేదాండీ?" అన్నాను.

"అడగలేదండి, మాటిచ్చేరు కదండీ. బస్సెక్కేక మాత్రం, నీ పాస్‌పోర్టు వచ్చిందా అని అడిగేరంట. ఆ అబ్బాయి రాలేదన్నాడంట. 'వచ్చింది, నేను రాను అని ఒక్క మాటంటే నేనూ దిగిపోదునండి, పరీక్షలు రాసుకుందును' అంటారండి. అని మళ్ళీ ఆయనే నవ్వుతారండి."

సీసా నిండింది. సూది తీసి, దూది పెట్టి, చెయ్యి మడవమన్నాను. సీసా మీద ఆయన పేరు రాశాను. ఒకసారి తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ రోజు బస్సు కిటికీలోంచి వాడు నా మొహంలోకి చూసినంతసేపూ వాడికి అంతా తెలుసు. నా అబద్ధం నాకు గుర్తు చేయకుండా, కంగారు పడకని నాకే ధైర్యం చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఒక్క మాటంటే దిగిపోయేవాడు. ఇన్నేళ్ళూ, వాడు వెళ్ళిపోతుంటే ఆపలేకపోయానని బాధపడ్డాను. వాడు ఆగడానికి సిద్ధంగానే ఉన్నాడు. అమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ సంగతి ఆవిణ్ణి ఇంతవరకూ అడగలేదు. ఏం అడుగుతాను, అబద్ధమాడింది నేను కదా.

ఆయన చొక్కా చెయ్యి దించుకుంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"పై వారం వెళ్ళిపోతున్నానండి. అన్నట్టు, మీది కూడా రాజోలు వైపేనాండీ?"

"కాదండీ," అన్నాను. "ఇక్కడే, అమలాపురం."